బల్ల దగ్గర ఆగని వెలి

చెన్నై తెలుగు క్రైస్తవ సంఘాల్లో (చర్చిల్లో) కూతురు వేరే మతం అబ్బాయిని చేసుకుందనో, ఒకాయన విడాకులిచ్చి మళ్లీ పెళ్లాడాడనో పెద్దలు కమిటీ కూర్చోవడం కొత్తేమీ కాదు. ప్రభువు బల్ల, అంటే యేసు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన ఉన్న ఆదివారం రొట్టె పళ్లెం వరుసలో చేతులు మారుతూ వస్తుంది. ఆ మనిషి దగ్గరికి వచ్చేసరికి పక్కవాళ్లు అందుకుని అవతలికి ఇచ్చేస్తారు. అంతవరకూ అయితే సంఘ క్రమశిక్షణ అనుకోవచ్చు. తర్వాత పెళ్లి కార్డులు రావు, క్రిస్మస్‌కి పిలుపుండదు. ‘నువ్వు ఇంటికొస్తే మనందరినీ బల్ల నుంచి ఆపేస్తారే’ అని కన్నతల్లే ఫోన్‌లో చెబుతుంది.

దీనికి చూపించే ఆధారం బైబిల్లో అపొస్తలుడు పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక (ఉత్తరం) 5వ అధ్యాయం. తండ్రి భార్యను ఉంచుకున్నవాణ్ని వెలివేయమనీ, సహోదరుడనిపించుకుంటూ ఇలాంటి పాపాల్లో ఉన్నవాడితో భోజనం కూడా చేయొద్దనీ అందులో ఉంది. మాట కఠినమే, దాన్ని మెత్తబరిచి చెప్పడం నిజాయితీ కాదు. అయితే శిక్ష పడిన ఒకణ్ని ఇక క్షమించి ఓదార్చండి, లేకపోతే దుఃఖంలో మునిగిపోతాడని రెండో పత్రికలో రాసిందీ ఆయనే. మత్తయి సువార్త 18వ అధ్యాయం ప్రకారం తప్పు చేసినవాడితో ముందు ఒంటరిగా వెళ్లి మాట్లాడాలి. మన కమిటీలు ఎక్కువగా ఎగ్గొట్టేది ఆ మొదటి మెట్టునే.

వెలి గుడి వరకేనా, ఇంటి దాకానా అన్నది పాత తగాదా. 1693లో పెద్దయ్యాకే బాప్తిస్మం ఇవ్వాలనే స్విస్ అనాబాప్తిస్టు క్రైస్తవుల్లో యాకోబ్ అమ్మాన్ అనే పెద్ద ఇంటి భోజనంలోనూ వెలి పాటించాలన్నాడు. ఒప్పుకోని పెద్ద హాన్స్ రైస్ట్‌ని వెలివేశాడు కూడా. ఆమిష్ శాఖ అలా పుట్టింది.

ఇంకో తగాదా మనకు బాగా దగ్గరిది. బ్రదరెన్ అనే ప్రొటెస్టంట్ ఉద్యమంలో ఆంథనీ నోరిస్ గ్రోవ్స్ 1836లో తోటి నాయకుడు జాన్ డార్బీకి ఒక ఉత్తరం రాశాడు. ఇతరుల్లోని మంచికి దూరమయ్యే కంటే వాళ్ల తప్పులు భరించడమే తనకు నయమని దాని సారాంశం. అదే ఏడాది గ్రోవ్స్ వెంట ఇండియాకి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ నరసాపురంలో గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేశారు. డార్బీ మాత్రం వినలేదు. 1848లో బ్రిస్టల్‌లోని బెతెస్దా సంఘాన్ని దూరం పెట్టడమే కాదు, దానితో సహవాసం చేసినవాళ్లనూ దూరం పెట్టాడు. తప్పు చేసినవాడితో మాట్లాడినవాడూ తప్పుచేసినట్టే అనే ఈ లెక్కే ఆ తల్లి భయంలో వినిపిస్తుంది.

అయినా మన దగ్గర ఈ వెలికింత పదును కులం నుంచి వచ్చిందనే నా నమ్మకం. మద్రాసులో మిషనరీ జాన్ అండర్సన్ బడిలో 1841లో రాజగోపాల్, వెంకటరామయ్య, ఎతిరాజులు బాప్తిస్మం తీసుకుంటే, మిగతా తల్లిదండ్రులు తమ పిల్లల్ని బడి మాన్పించేశారు. మతం మారినా, కులం వెలివేసినా వారసత్వపు హక్కు పోదని 1850లో చట్టం చేయాల్సి వచ్చింది. అంత బాధపడి వచ్చినవాళ్ల వారసులు అదే ఆయుధం పట్టుకోవడం ఏమిటో!

వెలివేతను నిషేధిస్తూ బొంబాయి రాష్ట్రం 1949లో చేసిన చట్టాన్ని సుప్రీంకోర్టు 1962లో, దావూదీ బోహ్రా ముస్లింల కేసులో, కొట్టేసింది. ఆ తీర్పును మళ్లీ చూడాలని 2023 ఫిబ్రవరిలో తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనానికి పంపారు. అక్కడ తేలాల్సింది మతపెద్దల అధికారం సంగతి. కన్నవాళ్లు పిల్లల్ని గడప తొక్కనివ్వాలా అన్నది ఆ కేసులో లేదు.