సర్పంచి కుర్చీలో ఎవరు కూర్చున్నారు?

ప్రియమైన మనుమలకూ మనుమరాళ్ళకూ తాతయ్య ఆశీస్సులు.

మొన్న సెలవులకు నల్లగొండ వచ్చినప్పుడు మీలో చిన్నది, "మన ఊరి సర్పంచి ఆమెనే కదా తాతా, మరి అందరూ వాళ్ళాయనను సర్పంచ్ సాబ్ అంటరెందుకు?" అని అడిగింది. ఆ ప్రశ్నకు అప్పుడు తొందరలో ఏదో చెప్పాను, అది సరైన జవాబు కాదు.

ఆడవాళ్ళ నాయకత్వం మన పాత నల్లగొండ జిల్లాకు కొత్త కాదు. 1952లో ఆలేరు ప్రజలు ఆరుట్ల కమలాదేవిని శాసనసభకు పంపారు, 1957లోనూ 1962లోనూ మళ్ళీ ఆమెనే గెలిపించారు. భూస్వామి ఇంట పుట్టి, సాయుధ పోరాటంలో తుపాకి పట్టిన మల్లు స్వరాజ్యం 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి గెలిచారు. వీరికి ఏ రిజర్వేషనూ లేదు, దొరల గడీలను ఎదిరించిన ఉద్యమమే వారిని నాయకులను చేసింది. అటువంటి ఉద్యమం ప్రతి తరానికీ రాదు కనుకనే చట్టం అవసరమైంది. 1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో స్త్రీలకు మూడో వంతు స్థానాలు ఇచ్చింది, మన రాష్ట్రంలో ఇప్పుడది సగం. శాసనసభకు ఇంకా ఆ ఏర్పాటు అమలు కాలేదు. 2023 ఎన్నికల్లో 119 మందిలో గెలిచిన స్త్రీలు 10 మందే, వారిలో కోదాడ నుంచి వచ్చినామె మన వైపు మనిషి.

చట్టం కుర్చీని ఇవ్వగలదు కానీ, అందులో కూర్చోనివ్వవలసింది ఊరే. కొన్నేళ్ళ కింద నేను చూసిన ఒక గ్రామసభలో సర్పంచమ్మ కొంగు కప్పుకొని గోడవారగా కూర్చుంటే, భర్త మైకు పట్టుకొని పనుల లెక్క చదివాడు. మంచినీళ్ళ సంగతి వచ్చేసరికి ఆమె లేచి, ఏ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువో, ఏ వాడకు ట్యాంకు నీళ్ళు ఎక్కవో, బిందెతో మోసిన మనిషి కనుక కాగితం చూడకుండా చెప్పింది. భర్త మైకు ఆమె చేతికిచ్చి పక్కకు జరిగాడు. ఆమెకు తెలియక కాదు, అప్పటిదాకా ఎవరూ అడగక ఊరుకుందని నాకు ఆ రోజే అర్థమైంది.

ఈసారి గ్రామసభకు మీ అమ్మతో కలిసి వెళ్ళండి. మీ బడి ముందర మురుగు నిలుస్తున్న సంగతి సర్పంచి భర్తకు కాకుండా సర్పంచమ్మకే చెప్పి, ఏం జవాబిచ్చిందో నాకు ఉత్తరం రాయండి.

మీ తాతయ్య