షంట్‌తో ఏళ్ల తరబడి: అపోహలు - వాస్తవాలు

మెదడులో నీరు చేరినవాళ్లకు షంట్, అంటే ఆ నీటిని పొట్టలోకి దింపే ట్యూబు వేయడం, తర్వాత ఏళ్ల తరబడి వాళ్లను చూడటం నా పని. ఆపరేషన్ గురించి అందరూ అడుగుతారు. ఆ ట్యూబుతో ఇరవై ఏళ్లు గడపడం ఎలా ఉంటుందో అడిగేవాళ్లు తక్కువ.

అపోహ: షంట్ ఉన్నట్టే తెలియదు. మెడ లాగుతోందంటే అది భయమే.

ఈ మాట విని చాలామంది బాధను దాచుకుంటారు. చెవి వెనక ఉండే వాల్వ్ (నీరు ఎంత దిగాలో అదుపు చేసే చిన్న పరికరం) నుంచి మెడ, ఛాతీ చర్మం కిందుగా ట్యూబు పొట్టలోకి దిగుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ దాని మీద కాల్షియం పేరుకుంటుంది, చుట్టూ ఉన్న కండకు అతుక్కుంటుంది. చిన్నప్పుడు వేసిన ట్యూబు, పిల్లలు పొడుగయ్యాక బిగుసుకోవచ్చు. తల తిప్పితే లాగడం, వాల్వ్ వైపు ఒత్తిగిలి పడుకుంటే నొప్పి పుట్టడం, దువ్వెన తగిలితే ఉలిక్కిపడటం, ఇవన్నీ నిజమైన బాధలే. గట్టిపడిన ట్యూబు ఒక్కోసారి విరుగుతుంది కూడా. అందుకని లాగుడు కొత్తగా మొదలైనా, ట్యూబు దారిలో వాపు, ఎరుపు కనిపించినా వెంటనే చూపించుకోవాలి.

అపోహ: తలనొప్పి వస్తే షంట్ మూసుకుపోయినట్టే.

షంట్ ఉన్నవాళ్లకూ మైగ్రేన్ వస్తుంది, నిద్ర చాలకా తలనొప్పి వస్తుంది. నేను మొదట అడిగేది ఒకటే: పడుకుంటే పెరుగుతోందా, తగ్గుతోందా? నిలబడితే ఎక్కువై పడుకుంటే తగ్గుతుంటే, నీరు అవసరానికి మించి దిగుతూ ఉండవచ్చు. తెల్లవారుజామున నొప్పి, వాంతులు, మత్తు, చూపు మసకబారడం ఉంటే మాత్రం రేపటిదాకా ఆగకండి, ఆస్పత్రికి బయల్దేరండి.

అపోహ: స్కాన్ నార్మల్ అంటే షంట్ బాగున్నట్టే.

నన్ను ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇది. కొందరిలో షంట్ మూసుకుపోయినా మెదడులో నీరుండే గదులు ఉబ్బవు. పాత స్కాన్ పక్కన పెట్టి చూస్తేనే చిన్న తేడా దొరుకుతుంది. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో తీసిన స్కాన్ సీడీని జాగ్రత్తగా దాచుకోండి. "మా వాడు ఎప్పటిలా లేడు సార్" అని తల్లి అంటే, రిపోర్టులో ఏమున్నా నేను ఇంకోసారి చూస్తాను.

అపోహ: వాల్వ్‌ను రోజూ నొక్కుతుంటే నీరు బాగా దిగుతుంది.

డాక్టరు చెప్పకుండా నొక్కకండి. నీరు ఎక్కువగా దిగిపోవచ్చు. నొక్కి చూసి షంట్ పనిచేస్తోందో లేదో తేల్చడమూ నమ్మదగ్గ పరీక్ష కాదు.

అపోహ: తలలో షంటుంటే పొట్టకేం సంబంధం?

నీరు చేరేది పొట్టలోకే. మలబద్ధకం ఎక్కువైతే పొట్టలో ఒత్తిడి పెరిగి నీరు సరిగా దిగకపోవచ్చు. పిల్లల్లో ఇది తరచూ చూస్తాం. అపెండిక్స్, సిజేరియన్, ఏ ఆపరేషనైనా సర్జన్‌కు షంట్ సంగతి ముందే చెప్పండి. గర్భం రాకూడదనేమీ లేదు, చాలామంది తల్లులయ్యారు.

అపోహ: షంట్ ఉంటే ఎమ్మారై తీయకూడదు.

ఇప్పటి షంట్‌లు ఉన్నవాళ్లకు చాలావరకు తీయవచ్చు. నీరు ఎంత దిగాలో బయటినుంచి అయస్కాంతంతో సెట్ చేసే వాల్వ్ అయితే స్కాన్ వల్ల ఆ సెట్టింగ్ మారిపోవచ్చు. స్కాన్ గదిలోకి వెళ్లేముందు వాల్వ్ పేరున్న కార్డు చూపించండి. సెట్టింగ్‌ను అదే రోజు సరిచూసే వీలున్న చోటే తీయించుకోండి.