అరిటాకు లాంటి ఊరు

చిరంజీవులు చిన్నూకీ బుజ్జికీ తాతయ్య దీవెనలు.

చిన్నూ, పైనుంచి తీసిన ఊరి ఫొటో, రోడ్డుకి అటూ ఇటూ చారల్లా పొలాలున్నది, నువ్వు పంపావు కదా, అమ్మమ్మకి కూడా చూపించాను. "చీర పరిచినట్టుందే!" అంది. "ఊరంతా ఒకే రోడ్డు మీద ఎందుకుంది తాతయ్యా, పక్క వీధి వేసుకోవచ్చుగా?" అని అడిగావు. రెండు రోజులుగా అదే ఆలోచిస్తున్నాను.

ఆ ఊరు సువొషోవా. పోలండ్‌లో దక్షిణాన, క్రాకోవ్ నగరానికి సుమారు 30 కిలోమీటర్ల దూరం. దాదాపు 6 వేల మంది ఉంటారు. రోడ్డు పొడవు సుమారు 9 కిలోమీటర్లు. ఇళ్లన్నీ దాని వెంటే.

భోజనానికి వేసిన అరిటాకుని గుర్తు తెచ్చుకో. మధ్యలో లావుపాటి ఈనె ఉంటుంది కదా, అదే రోడ్డు. దానికి రెండు పక్కలా అంచు దాకా వెళ్లే సన్న ఈనెలు పొలం గట్లు. ఆకుకి నీళ్లు నడి ఈనెలోంచే వస్తాయి. ఇక్కడా అంతే. ఫొటోలో సరిగా కనిపించదుగానీ ఊరున్నది ఒక లోయలో, ఆ లోయలోనే ప్రోన్ద్నిక్ అనే ఏరు పుట్టి, క్రాకోవ్ దాకా వెళ్లి విస్తులా నదిలో కలుస్తుంది. నీళ్ల దగ్గర ఇల్లు, ఇంటి వెనక కొండవాలు మీదికి పొలం. అడవి కొట్టి ఇలాంటి ఊళ్లు కట్టిన కాలంలో ఒక్కో కుటుంబానికి రోడ్డు దగ్గర్నుంచి అడవి అంచు దాకా ఒక్కో పొడవాటి భూమి ముక్క కొలిచి ఇచ్చేవాళ్లు. ఈ రకం ఊరిని అక్కడ వాంత్సుహూఫ్కా అంటారు, గొలుసు ఊరు అని.

అరిటాకు గాలికి ఎలా చిరుగుతుందో చూశావా? సన్న ఈనెల వెంటే పీలికలవుతుంది, కానీ ఏ పీలికా నడి ఈనెని వదలదు. ఆ పొలాలూ తండ్రి తర్వాత కొడుకులకి అలాగే చీలాయి. ముక్క ఎంత సన్నబడినా ప్రతివాడికీ రోడ్డు ఉంది, లోయలో కాస్త నేల ఉంది, పైన వాలు మీద కాస్త నేల ఉంది. ట్రాక్టరు తిప్పాలంటే కష్టమే. అయినా ఆ పంపకం నాకెంతో నచ్చింది.

ఎందుకంటే మా ఇంట్లో అలా జరగలేదు. మా నాన్న, పెదనాన్న చేనుకి అడ్డంగా గట్టు వేసి పంచుకున్నారు. కాలువ వైపుది పెదనాన్నకి, పైది మాకు. నీళ్లు రావాలంటే ఆయన చేలోంచి బోదె తవ్వుకోవాలి. ఏటా నాట్ల ముందు నాన్న వెళ్లి ఆయన అరుగు మీద కూర్చుని అడిగేవాడు. ఒక ఏడు ఒప్పుకోలేదు. మా నారుమడి పసుపెక్కి, ఆకులు సూదుల్లా చుట్టుకుపోవడం గట్టు మీద కూర్చుని చూశాను. అప్పుడు నాకు నీ వయసే. పంచుకునేటప్పుడు ఎదుటివాడి నీళ్లు, దారి కూడా చూడాలమ్మా.

దేశాలూ పంచుకున్నాయి. 1795లో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా కలిసి పోలండ్‌ని మిగల్చకుండా తీసేసుకున్నాయి. మళ్లీ 1918లోగానీ స్వతంత్రం రాలేదు. ఈ ఊరు 1815 తర్వాత రష్యా చక్రవర్తి జారు కింద పడింది. రష్యా మీద 1863లో జరిగిన తిరుగుబాటులో ఊరి చివరి కోట దగ్గరే పోరాటం జరిగింది. మరుసటి ఏడు, 1864లో, జమీందార్ల కింద ఉన్న రైతులకి వాళ్లు దున్నే భూమి సొంతమైంది.

ఆ కోట పేరు ప్యెస్కోవా స్కావా. 14వ శతాబ్దంలో కజిమీర్ రాజు కట్టించాడు. పక్కనే సుమారు 25 మీటర్ల సున్నపురాయి స్తంభం, పైన లావు, కింద సన్నం. త్వార్దోవ్‌స్కీ అనే మంత్రగాడు దెయ్యం చేత అలా తలకిందులుగా నిలబెట్టించాడని అక్కడి కథ. నిజానికి కోట్ల ఏళ్ల కిందట అక్కడ సముద్రం ఉండేదట. దాని అడుగున పేరుకున్నదే ఆ రాయి. సముద్రం పోయి రాయి మిగలడం, దాని పక్కన మనుషులు గోధుమ చల్లుకోవడం... నాకైతే దెయ్యం కథ కంటే ఇదే ఎక్కువ ఆశ్చర్యంగా ఉంది.

ఆదివారం అమ్మ అరిటాకు వేసినప్పుడు, వడ్డించకముందే దాన్ని ఎత్తి కిటికీ వెలుగులో పట్టుకుని చూడండి. తర్వాత ఫోన్‌లో శాటిలైట్ మ్యాప్ తెరిచి, కోట దగ్గర మొదలుపెట్టి ఏటి వెంట పైకి వెళ్లండి. ఒక పక్క పొలాలు ఎన్నో లెక్కపెట్టి నాకు రాయండి.

మీ
తాతయ్య