అపోహలు – వాస్తవాలు: మొదటి జీతం, రూపాయి వడ్డీ లెక్క

కూకట్‌పల్లిలో పద్నాలుగేళ్లుగా ఆదాయపు పన్ను రిటర్నులు వేస్తున్నాను. జూలై వచ్చిందంటే నా గది నిండా పాతికేళ్ల పిల్లలే. జీతం, పన్ను వివరాలతో కంపెనీ ఇచ్చే ఫారం 16 చేతిలో పెట్టి, ఇంకా కూర్చోకముందే దాదాపు అందరూ ఒకే మాట అంటారు: "సార్, నాకు ఈ డబ్బు లెక్కలు అస్సలు తెలియవు."

క్రితం ఏడాది బాచుపల్లి వైపు మందుల కంపెనీలో, క్వాలిటీ విభాగంలో పనిచేసే ఒకమ్మాయి వచ్చింది. సొంతూరు నరసరావుపేట దగ్గర. నాన్నది మిర్చి సేద్యం. నెలకు 42 వేల జీతం. ల్యాబులో మిల్లీగ్రాము తేడా వచ్చినా పట్టేసే పిల్ల, క్రెడిట్ కార్డు బిల్లు తెరవడానికి మాత్రం భయపడుతోంది. ఆమెతోనూ, ఆమెలాంటి ఇంకొందరితోనూ మాట్లాడేటప్పుడు పదే పదే ఎదురైన అపోహలివి.

అపోహ: డబ్బు లెక్కలు కామర్స్ చదివినవాళ్లకే వస్తాయి

ఆ అమ్మాయిని ఒకటే అడిగాను. "మీ ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి లక్ష తెస్తే నెలకు ఎంతమ్మా?"

"రెండు వేలు."

"ఏడాదికి?"

"ఇరవై నాలుగు వేలు. అదేం లెక్క సార్, అందరికీ తెలిసిందేగా!"

అందరికీ తెలియదు. ఇది మన పల్లెల్లో పుట్టి పెరిగినవాళ్లకు ఇంట్లోనే అబ్బే చదువు. నూటికి నెలకు రూపాయి అంటే ఏడాదికి 12 శాతం. బ్యాంకు ఏ శాతం చెప్పినా 12తో భాగిస్తే మన భాషలోకి వచ్చేస్తుంది. ఆరున్నర శాతం ఫిక్స్‌డ్ డిపాజిట్ అంటే 54 పైసల వడ్డీ. 2024-25కు ఈపీఎఫ్ (ఉద్యోగుల భవిష్య నిధి) మీద ప్రకటించిన 8.25 శాతం దాదాపు 69 పైసలు. తొమ్మిది శాతం ఇంటి అప్పు ముప్పావలా. 15 శాతం పర్సనల్ లోను రూపాయిపావలా. కాగితం మీద ఏ పేరుతో ఉన్నా సరే, ముందు ఈ లెక్కలోకి మార్చుకోమంటాను. వాళ్ల నాన్నకు ఫోన్లో చెబితే ఆయనకూ అర్థం కావాలి. నేను పెట్టే పరీక్ష అదొక్కటే.

అపోహ: కార్డు బిల్లులో 'మినిమమ్ డ్యూ' కడితే బాకీ అదుపులో ఉన్నట్టే

నా దగ్గరికి వచ్చే పిల్లల్ని అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతీసేది ఇదే కాబట్టి, దీన్ని కొంచెం విడమరచి చెబుతాను. మినిమమ్ డ్యూ అంటే ఆ నెల బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం.

ఆ అమ్మాయి కార్డు మీద బాకీ 60 వేలు. కార్డు వడ్డీ నెలకు మూడున్నర శాతం, అంటే మూడున్నర రూపాయల వడ్డీ. అంత వడ్డీకి తెచ్చాడని తెలిస్తే ఊళ్లో ఆ మనిషికి ఏదో పెద్ద ఆపదే వచ్చిందనుకుంటారు. ఇక్కడేమో చెప్పులు కొన్నా అదే వడ్డీ.

లెక్క చూడండి. అరవై వేల మీద ఒక నెల వడ్డీ 2,100. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 378. రెండూ కలిపి 2,478. మినిమమ్ డ్యూ 5 శాతం చొప్పున 3,000 కట్టిందనుకుందాం. అసలులో తగ్గేది 522 రూపాయలే. ఆ అమ్మాయి ఎనిమిది నెలలుగా క్రమం తప్పకుండా కడుతోంది. బాకీ ఎందుకు తగ్గడం లేదో అర్థంకాక, తప్పు తన తెలివిలోనే ఉందనుకుంది. తప్పు ఆమె తెలివిలో లేదు. ఈ లెక్క ఆమెకు ఎవరూ విప్పి చూపించలేదు, అంతే.

ఇందులో ఇంకో సంగతి ఉంది. బిల్లు పూర్తిగా కట్టకపోతే ఆ తర్వాత కొన్న వాటికి వడ్డీ లేని గడువు వర్తించదు. కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. అందుకే పాత బాకీ తీరేదాకా ఆ కార్డుతో పాల ప్యాకెట్ కూడా కొనొద్దన్నాను. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో తాకట్టు పెట్టి రూపాయి లోపు వడ్డీకి తెచ్చి, ఈ మూడున్నర రూపాయల బాకీ ఒక్కసారే తీర్చేయడం మేలు. బంగారం తాకట్టు పెట్టడం పరువు తక్కువని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో మూడున్నర రూపాయల వడ్డీ మోయడమే అసలు నష్టం. ఆమె గొలుసు తాకట్టు పెట్టి తీర్చేసింది.

అపోహ: 'ఫ్లాట్ 12 శాతం' అంటే రూపాయి వడ్డీయే కదా

కాదు. బండికో, ఫర్నిచర్‌కో ఫైనాన్స్ తీసుకునేటప్పుడు ఈ మాట వినిపిస్తుంది. లక్ష తీసుకుని మూడేళ్లు కడితే వడ్డీ 36 వేలు, నెలకు దాదాపు 3,778. కానీ ప్రతి నెలా అసలు కొంత తీరుస్తూనే ఉంటాం కదా! ఏడాదిన్నర గడిచేసరికి సగానికి కాస్త అటూ ఇటూగా బాకీ మిగులుతుంది. వడ్డీ మాత్రం పూర్తి లక్ష మీదే వేస్తారు. తగ్గే బాకీ మీద లెక్కిస్తే అది ఏడాదికి 21 శాతం దాటుతుంది. అంటే రూపాయి ముప్పావలా వడ్డీ.

2024 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు ఒక మంచి పని చేసింది. రిటైల్ అప్పు ఇచ్చే ప్రతి బ్యాంకు, ఫైనాన్స్ సంస్థ ఫీజులన్నీ కలిపిన అసలు వార్షిక రేటుతో 'కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్' అనే కాగితం ఇవ్వాలి. సంతకానికి ముందే అది అడగండి. అందులో ఏపీఆర్ (ఆ వార్షిక రేటే) అని ఉన్న అంకెను 12తో భాగించండి.

అపోహ: మార్చిలో పాలసీ తీసుకుంటే పన్ను మిగులుతుంది

ఆ అమ్మాయికి ఓ దగ్గరి బంధువు పాలసీ కట్టించారు. ఏడాదికి 50 వేల చొప్పున పదేళ్లు కట్టాలి. ఇరవయ్యో ఏట పది లక్షలు వస్తాయి. "డబ్బు రెట్టింపు, పైగా పన్ను ఆదా" అని చెప్పారట.

ముందు పన్ను సంగతి. ఆమె జీతం ఏడాదికి 5 లక్షల 4 వేలు. జీతగాళ్లందరికీ ఇచ్చే స్టాండర్డ్ డిడక్షన్ తగ్గింపు పోతే, పన్ను లెక్కకున్న రెండు పద్ధతుల్లో పాత పద్ధతిలో చూసినా, కొత్త పద్ధతిలో చూసినా ఆమె కట్టాల్సిన పన్ను సున్నా. లేని పన్నును ఆదా చేసేదేముంటుంది? కొత్త పద్ధతిలోనైతే 80సీ మినహాయింపే (పాలసీల్లాంటి పొదుపుల మీద ఇచ్చేది) లేదు. మీరు ప్రత్యేకంగా పాతది ఎంచుకోకపోతే కొత్తదే వర్తిస్తుంది. 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పద్ధతిలో 12 లక్షల 75 వేల వరకు జీతం మీద పన్ను పడదు. ఈ లెక్క తెలియక, మార్చి నెల చివరి వారంలో కంగారుగా సంతకాలు పెట్టేవాళ్లను ఏటా చూస్తున్నాను.

ఇక రెట్టింపు సంగతి. ఐదు లక్షలు పది లక్షలైన మాట నిజం. అయితే ఎన్నేళ్లకు? లెక్క కడితే ఏడాదికి దాదాపు నాలుగున్నర శాతం వస్తుంది. 38 పైసల వడ్డీ అన్నమాట. ఇది చెప్పగానే ఆ అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. "మా నాన్న రెండు రూపాయలకు తెచ్చి పంట పెడుతుంటే, నేను ముప్పై ఎనిమిది పైసలకు ఇచ్చానా సార్?" అంది. ఆ ప్రశ్న తనంతట తనే వేసుకుంది. ఆ రోజు తర్వాత నేను ఆమెకు నేర్పాల్సింది పెద్దగా మిగల్లేదు.

ఇంటి బాధ్యత మీ మీద ఉంటే బీమా తప్పనిసరి. దానికి టర్మ్ పాలసీ, అంటే పొదుపు లేని ఉత్త బీమా, చాలు. పొదుపును దానితో కలపొద్దు. తీసుకున్నాక వద్దనిపిస్తే, పాలసీ కాగితాలు అందిన 30 రోజుల్లోగా వెనక్కి ఇచ్చేయవచ్చు. కొద్దిపాటి ఖర్చులు పోగా డబ్బు తిరిగొస్తుంది. బంధువుకు ఎలా చెప్పాలన్నది అసలు ఇబ్బంది అని నాకు తెలుసు. "బాబాయ్, నాకు పన్నే పడటం లేదట, ఇప్పుడు వద్దు" అని నెమ్మదిగా చెబితే చాలు. బంధుత్వాలు అంత తేలిగ్గా తెగవు.

అపోహ: సిబిల్ స్కోరు చూసుకుంటే తగ్గుతుంది

అప్పులు ఎలా తీరుస్తున్నారో చూసి ఇచ్చే మార్కులే ఈ స్కోరు. మీరు చూసుకుంటే తగ్గదు. అందరి అప్పుల వివరాలు నమోదు చేసే నాలుగు క్రెడిట్ బ్యూరోల్లో ప్రతి ఒక్కటీ ఏడాదికోసారి పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలి. మూడు నెలలకొకటి చొప్పున తీసి చూడండి, మీ పేరు మీద తెలియని అప్పులుంటే బయటపడతాయి.

అపోహ: చీటీ వేయడం పాత కాలపు పని, అంతా మోసం

చీటీ పాట మోసం కాదు. రిజిస్టరు కాని చీటీతోనే ప్రమాదం. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం ప్రతి చీటీ గ్రూపునూ చిట్స్ రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయాలి. చీటీ నడిపే ఫోర్‌మన్ కమీషన్ 7 శాతం దాటకూడదు. అపార్ట్‌మెంటులో, ఆఫీసులో నోటిమాట మీద నడిచే చీటీకి ఈ రక్షణేదీ లేదు. అలాంటి దాంట్లో చెల్లెలి పెళ్లికని దాచిన నాలుగు లక్షలు పోగొట్టుకున్న ఒక కుర్రాణ్ని ఓదార్చాల్సి వచ్చింది నాకు. ఇంకో తేడా కూడా గుర్తుంచుకోండి. బ్యాంకు డిపాజిట్‌కు ఒక బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల వరకు బీమా ఉంటుంది. చీటీకి ఉండదు.

అపోహ: ఉద్యోగం మారితే పీఎఫ్ తీసేసుకోవడమే మంచిది

సర్వీసు ఐదేళ్లు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. పాత ఖాతాను అదే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) మీద కొత్త కంపెనీకి బదిలీ చేసుకుంటే పాత సర్వీసు కూడా ఆ ఐదేళ్లలో కలుస్తుంది. పెన్షన్‌కు పదేళ్ల సర్వీసు కావాలి, బదిలీ చేస్తే ఆ లెక్కా తెగదు.

పీఎఫ్‌తో పాటు వచ్చే ఈడీఎల్ఐ బీమా గురించి చాలామందికి తెలియనే తెలియదు. ఉద్యోగంలో ఉండగా మనిషికి ఏదైనా జరిగితే కుటుంబానికి 7 లక్షల వరకు వస్తుంది. దానికి మన జేబులోంచి పైసా కట్టక్కర్లేదు. అయితే నామినీ లేకపోతే ఆ తల్లిదండ్రులు ఆఫీసుల చుట్టూ తిరగాలి. అందుకే నా ముందు కూర్చున్న ప్రతి ఒక్కరి చేతా అక్కడికక్కడే ఈ-నామినేషన్ చేయిస్తాను. ఆ అమ్మాయి వాళ్లమ్మ పేరు పెట్టింది. పుట్టిన తేదీ కోసం ఫోన్ చేస్తే, ఆవిడ పొలం నుంచి ఇంటికెళ్లి ఆధార్ కార్డు తీసి చదివి చెప్పారు. పెళ్లయ్యాక ఆ నామినేషన్ చెల్లదు, మళ్లీ కొత్తగా చేయాలి.