లట్ వేస్తే సినిమా లుక్ వస్తుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో పెళ్లి వీడియోలకూ షార్ట్ ఫిల్ములకూ కలర్ గ్రేడింగ్ (తీసిన వీడియో రంగులను సరిదిద్దే పని) చేసే నన్ను కుర్రాళ్లు తరచుగా అడిగేది ఒక్కటే: "అన్నా, మంచి సినిమా లుక్ లట్ ఉంటే ఇవ్వన్నా." లట్ అంటే వీడియో రంగులను ఒక్కసారిగా మార్చేసే రెడీమేడ్ ఫైలు. ఈ మధ్య తిరుచానూరు పెళ్లి ఫుటేజీతో వచ్చిన కుర్రాడు అప్పటికే మూడు లట్ ప్యాకులు కొన్నాడు. ఏది వేసినా ముఖాలు నారింజ రంగుకు తిరుగుతున్నాయని, లోపం ల్యాప్‌టాప్‌దేమోనని భయపడి, కొత్తదానికి అప్పు కూడా మాట్లాడుకున్నాడు. ఆ అప్పు ఆపడానికే ముందు అరగంట పట్టింది.

అపోహ: ఎలా తీసినా ఫర్వాలేదు, లట్ సరిచేస్తుంది.

వాస్తవం: లట్ ఒక పట్టిక మాత్రమే. ఫలానా రంగు వస్తే దాని బదులు ఫలానా రంగు పెట్టమని అందులో ఉంటుంది. మామూలుగా వాడే 33 మెట్ల లట్‌లో 35,937 బిందువులుంటాయి, కానీ ఎదురుగా ఉన్నది పెళ్లికూతురి ముఖమో మండపం గోడో వాటిలో ఒక్కదానికీ తెలియదు. పైగా ఒక కంపెనీ కెమెరా లాగ్ (వెలుగునీడల తేడాలు ఎక్కువగా పట్టడానికి రంగులు వెలిసినట్టుగా రికార్డ్ చేసే పద్ధతి) కోసం చేసిన లట్‌ను ఇంకో కంపెనీ ఫుటేజీ మీదో, అసలు లాగే కాని ఫుటేజీ మీదో వేస్తే, పట్టిక ఎదురుచూసే సంఖ్యలు వేరు, అందేవి వేరు. ఆ నారింజ ముఖాలకు చాలాసార్లు కారణం ఇదే.

ఫిల్మ్ మన కంటికి మెత్తగా కనిపించడానికి పెద్ద కారణం అది వెలుగును తీసుకునే తీరు. నెగెటివ్ మీద వెలుగు పెరిగేకొద్దీ సాంద్రత పెరగడం క్రమంగా నెమ్మదిస్తుంది కనుక, బాగా తెల్లగా ఉన్న చోట కూడా కొంత వివరం మిగులుతుంది. డిజిటల్ సెన్సర్ అలా కాదు. అందులో వెలుగును పట్టే ప్రతి చిన్న గుంట నిండేవరకు లెక్క పెడుతుంది, నిండాక ఎంత వెలుగు పడినా ఒకే సంఖ్య ఇస్తుంది. అలా కాలిపోయిన తెలుపులో నమోదైనదేమీ లేదు కాబట్టి, లట్ దాన్ని బూడిద రంగు మచ్చగా మార్చగలదే తప్ప వివరం పుట్టించలేదు.

ఈ సంగతి నాకు మధుపర్కాలు నేర్పాయి. కెమెరా పట్టిన తొలి రోజుల్లో ఒక పెళ్లిలో, మండపం వాళ్ల లైట్లు చాలవని నా ఎల్ఈడీని వధూవరుల మీదికి నేరుగా తిప్పాను. ముహూర్తం నుంచి తలంబ్రాల దాకా వాళ్లు కట్టుకున్నది ఆ తెల్లని బట్టలే. ఇంటికొచ్చి చూస్తే ఎర్ర అంచు ఉంది, నేత పోగు ఒక్కటీ లేదు. పెళ్లికూతురి తండ్రి కోప్పడలేదు. "అమ్మాయి చీర సరిగా పడలేదు కదా నాయనా" అన్నారు, అంతే. అప్పటినుంచి లైటును పక్కకు జరిపి, ముందు పలుచని తెల్లగుడ్డ కట్టి, జీబ్రా గీతలు (వెలుగు మరీ ఎక్కువైన చోట కెమెరా తెర మీద చూపే చారలు) బట్ట మీదికి రానంతవరకే ఎక్స్‌పోజర్ పెంచుతున్నాను. తలకోనలోనూ ఇదే చిక్కు: చుట్టూ చీకటి అడవి, నడుమ తెల్లటి నీళ్లు. మిట్టమధ్యాహ్నం వెళ్లి జలపాతాన్ని కాల్చేసి, గ్రేడింగ్‌లో తెమ్మని అడిగేవాళ్లు నాకు ఇప్పటికీ తగులుతూనే ఉన్నారు.

అపోహ: సెకనుకు 24 ఫ్రేములు పెడితే చాలు.

వాస్తవం: మూకీలు పోయి టాకీలు వచ్చిన కాలంలో స్థిరపడిన వేగం అది, అవసరమే. కానీ షట్టర్, అంటే ఒక్కో ఫ్రేముకు వెలుగు పడే సమయం, సెకనులో 50వ వంతు దగ్గర ఉండాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక లైట్ల మినుకు తగ్గడానికీ అది మంచిదే. చంద్రగిరి కోట దగ్గర ఎండలో, లెన్స్ ముందు పెట్టి వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ లేకుండా షట్టర్‌ను 1000వ వంతుకు తోసేస్తే, నడక తెగితెగి కనిపిస్తుంది.

అపోహ: 4కే ఉంటేనే సినిమా. వాస్తవం: 2,048 పిక్సెళ్ల వెడల్పున్న 2కే మాస్టర్ల (సినిమా తుది ప్రతుల) నుంచి థియేటర్లలో ఎన్నో సినిమాలు ఆడాయి. గ్రెయిన్ (ఫిల్మ్ మీద కనిపించే సన్నని రేణువుల్లాంటిది) చివర్లో కొద్దిగా వేసుకోండి, చెడ్డ ఎక్స్‌పోజర్‌ను మాత్రం అది దాచదు. కొనగలిగితే 10 బిట్ రికార్డ్ చేసే కెమెరా కొనండి. 8 బిట్‌లో రంగుకు 256 మెట్లే ఉంటాయి, లాగ్‌లో తీసి సాగదీస్తే ఆకాశంలో చారలు పడతాయి.

తిరుచానూరు ఫుటేజీని, వెలుగు ఎక్కడ ఎంతుందో గీతల్లో చూపే వేవ్‌ఫామ్‌లో తెరిచి చూపించాను. తాళి కట్టే దృశ్యాల్లో పైగీత కోసేసినట్టు చదునుగా ఉంది. ఆ కుర్రాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లట్లన్నీ తీసేసి, ముఖాల రంగు మాత్రం చేత్తో సరిచేసి, కాలిన తెలుపును ఉన్నదున్నట్టే వదిలి ఇచ్చాను. డబ్బు తీసుకోలేదు. వచ్చే ముహూర్తానికి ముందు నా తెల్లగుడ్డ తీసుకెళ్లమన్నాను, ఇంకా రాలేదు.