చేతిలో డబ్బుల్లేనప్పుడు ఏమివ్వాలి? వంటింటి కానుకల గురించి పిల్లలకో ఉత్తరం

పిల్లలూ,

మొన్న మీలో ఒకరు ఫోన్ చేసి, "అమ్మమ్మా, స్నేహితురాలి పుట్టినరోజు వస్తోంది, కొనడానికి డబ్బుల్లేవు, ఏదైనా చేసిద్దామనుకుంటున్నా గానీ చవగ్గా కనిపిస్తుందేమోనని టెన్షన్" అని గొణిగారు. పక్కనుంచి ఇంకొకరు అందుకుని "సీసాకి రిబ్బను కడితే సరిపోతుందిలే, వీడియోలో చూశాం" అన్నారు. ఇవన్నీ ఫోన్లో చెప్తే సగం మీకు వినపడదు, మిగతా సగం నేనే మర్చిపోతాను, అందుకని కూర్చుని రాస్తున్నాను. పొడుగవుతుంది. ఓపిక లేకపోతే వదిలేయండి గానీ వెల్లుల్లి నూనె గురించి రాసిన చోటు మాత్రం చదవకుండా ఉండొద్దు.

ముందు నా సంగతి ఒకటి చెప్తాను. ఒకసారి మా అక్కకి జామ్ చేసిచ్చాను. పెద్ద సీసా, మూత మీద గళ్ళ గుడ్డ, దానికో దారం, చూడ్డానికి ముచ్చటగా ఉంది. నాలుగు నెలల తర్వాత వాళ్ళింటికెళ్తే ఆ సీసా అలమరలో అలాగే ఉంది, గుడ్డ కూడా చెక్కుచెదరలేదు. నాకు లోపల చివుక్కుమంది. నచ్చలేదేమో అనుకున్నాను, అడగలేక అడిగితే ఆవిడ తలొంచుకుని "వేళ్ళ నొప్పులే, ఆ మూత తిప్పలేకపోయాను, ఎవర్నైనా అడగాలంటే సిగ్గేసింది" అంది. నేను మూత తీసిస్తే అక్కడే నిలబడి చెంచాతో తింది. ఇన్ని గంటలు పొయ్యి దగ్గర నిలబడ్డాను గానీ ఆ చేతుల గురించి ఒక్క నిమిషం ఆలోచించలేదు చూడండి. అప్పట్నుంచి ఏం చెయ్యాలా అని కాదు, వాళ్ళ వంటింట్లో ఇది ఎక్కడ కూర్చుంటుంది, ఎవరు తీస్తారు, ఎన్నాళ్ళలో అవుతుంది అని ముందు ఆలోచిస్తున్నాను. ఒంటరిగా ఉండేవాళ్ళకి కిలో జామ్ ఇవ్వడమంటే పని అప్పజెప్పడమే. చిన్న సీసా ఇవ్వండి, పది రోజుల్లో ఖాళీ అయ్యేంత.

ఇక ఖర్చు. మీరనుకుంటున్నట్టు ఖర్చంతా వంటకి కాదు, సీసాలకీ డబ్బాలకీ రిబ్బన్లకీ అవుతుంది. చాలాసార్లు లోపలున్న దానికన్నా సీసాయే ఖరీదు. కాబట్టి ఇంట్లో ఖాళీ అయిన గాజు సీసాలు పారేయకుండా కడిగి దాచుకోండి. కాగితం అంటుకుని ఉంటే వేడినీళ్ళలో నానబెట్టి, మిగిలిన జిగురుకి కాస్త వంటనూనె రాసి తుడిస్తే వచ్చేస్తుంది. గాజుకి వాసన పట్టదు, మూతకి పడుతుంది. మూత లోపలుండే మెత్తటి పొర పాత వాసనని పట్టుకుని వదలదు. నేను ఒకసారి వెల్లుల్లి ఉన్న సీసాలో తీపి పెట్టిచ్చి పరువు పోగొట్టుకున్నాను. మూత ఎండలో పెట్టి, మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. వాసన పోకపోతే ఆ సీసా ఉప్పుకో కారానికో వాడండి, తీపి జోలికి పోవద్దు.

అన్నిటికన్నా చవకైంది, అందరూ "ఎక్కడ కొన్నావ్" అని అడిగేదీ నారింజ తొక్కల మిఠాయి. పండు మీరు తినేస్తారు, తొక్క చెత్తలోకి పోతుంది, ఆ తొక్కే కానుక. పండు ఒలిచే ముందే వేడినీళ్ళతో బాగా రుద్ది కడగండి, మెరవడానికి పైన మైనం పూస్తారు చాలా వాటికి. తొక్కల్ని పెన్సిల్ మందాన పొడుగు ముక్కలు కోసి, చన్నీళ్ళు పోసి మరిగించి, ఆ నీళ్ళు పారబోయండి. మళ్ళీ కొత్త నీళ్ళు, మళ్ళీ మరిగించడం. ఇలా 3 సార్లు. ఇక్కడే అందరూ బద్ధకిస్తారు, ఒక్కసారి ఉడికించి చాల్లే అనుకుంటారు, తర్వాత నోట్లో పెట్టుకుంటే మందు బిళ్ళలా చేదు. మూడోసారి నీళ్ళు వంచేశాక చక్కెర, నీళ్ళు సమానంగా తొక్కలు మునిగేంత తీసుకుని సన్నటి మంట మీద ముప్పావు గంటో గంటో ఉంచండి. అస్తమానం గరిటె పెట్టి కెలకొద్దు, పాకం గడ్డలు కట్టి పలుకులవుతుంది. గిన్నెని అటూ ఇటూ ఊపితే చాలు. మొదట్లో తొక్క సుద్దలా తెల్లగా ఉంటుంది, మెల్లమెల్లగా అంచుల నుంచి లోపలికి అద్దంలా అవుతూ వస్తుంది. ముక్కని పైకి తీసి దీపానికి అడ్డంగా పెడితే వెలుగు కనపడాలి. అప్పుడు దించి, ఒక్కో ముక్కా జల్లెడ మీద విడివిడిగా పరిచి రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున్నే చక్కెరలో పొర్లించండి. తడి లేని డబ్బాలో కొన్ని వారాలు ఉంటాయి. మిగిలిన పాకం పారబోయకండి, నారింజ వాసనతో ఘుమఘుమలాడుతుంది, నీళ్ళలో కలుపుకుని తాగొచ్చు. అది కానుక చేసినవాళ్ళ కూలి.

వంట అసలు రానివాళ్ళు నిమ్మ ఉప్పు చెయ్యండి. ఒక కప్పు ఉప్పుకి 3 నిమ్మకాయల పైపొర సన్నగా తురిమి, ఉప్పులో వేసి వేళ్ళతో నలిపి, పళ్ళెంలో పల్చగా పరిచి పూర్తిగా ఆరేదాకా ఉంచాలి. పసుపు రంగు ఉన్నంతవరకే తురమండి, కింద తెల్లగా ఉండేది చేదు. అంతే, పొయ్యి వెలిగించే పనే లేదు. కూరగాయ ముక్కల మీద, కాల్చిన మొక్కజొన్న మీద, దేనిమీదైనా చల్లుకోవచ్చు.

బిస్కెట్లంటే అందరికీ ఇష్టమే గానీ ఓపిక కావాల్సింది కాల్చేటప్పుడు కాదు, కాల్చిన తర్వాత. బయటికి చల్లగా అనిపించినా లోపల వేడి ఉంటుంది. ఆ వేడితో డబ్బాలో పెడితే ఆవిరి మూతకి తగిలి నీటి బొట్లై మళ్ళీ వాటిమీదే పడుతుంది, పొద్దున్నకి కరకరలన్నీ మెత్తబడతాయి. కనీసం గంటసేపు గాలి తగిలేట్టు జల్లెడ మీద ఉంచండి. ఇంకో సంగతి, మెత్తటి కేకు ముక్కలూ కరకరలాడే బిస్కెట్లూ ఒకే డబ్బాలో సర్దొద్దు. కేకులో తడి బిస్కెట్లలోకి పోతుంది, కేకు ఎండుతుంది, బిస్కెట్టు నానుతుంది, రెండూ చెడతాయి.

చాక్లెట్ కరిగించి గింజలు పోసి పలకల్లా చెయ్యడం పిల్లలకి తేలికే. ఒక్క చుక్క నీరు పడకుండా చూసుకోండి, పడిందా, చాక్లెట్‌లోని చక్కెర, కోకో ఆ చుక్క చుట్టూ చేరి మొత్తం గరుకు ముద్దయిపోతుంది. తర్వాత పైన తెల్లగా బూడిదలా కనిపిస్తే చాలాసార్లు అది బూజు కాదు, లోపలి కొవ్వు పైకి తేలడం. తినొచ్చు, కానుకగా మాత్రం బాగోదు. గింజలు పాతవైతే నూనె కంపు కొడతాయి, అందుకని పోసేముందు ఒకటి నమిలి చూడండి.

జామ్ గురించి నాకు కాస్త పట్టింపు ఉంది. ఈ రోజుల్లో అందరూ "ఆరోగ్యం" అంటూ చక్కెర తగ్గించేస్తున్నారు. మీ ఇంట్లో తినడానికైతే తగ్గించుకోండి, వద్దనను. కానీ పండ్లతో దాదాపు సమానంగా చక్కెర వేసేది తీపి కోసం ఒక్కటే కాదు, ఆ చక్కెర నీటిని పట్టి ఉంచుతుంది, సూక్ష్మజీవులకి అందనివ్వదు. తగ్గిస్తే అది ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా తినెయ్యాల్సిన వస్తువవుతుంది, ఆ మాట చీటీ మీద రాసివ్వాలి. నిమ్మరసం వెయ్యడం మరవొద్దు, పండులో ఉండే పెక్టిన్, అంటే జామ్‌ని చిక్కబరిచే పదార్థం, గట్టిపడాలంటే పులుపు కావాలి. థర్మామీటర్ ఉంటే 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆపండి. లేకపోతే మా పాత పద్ధతి. చిన్న పళ్ళెం ఫ్రీజర్‌లో పెట్టి, దానిమీద చెంచాడు జామ్ వేసి, నిమిషం ఆగి వేలితో నెట్టండి. పైన ముడతలు పడితే అయినట్టు, నీళ్ళలా జారితే ఇంకా ఉడకాలి. సీసాల్ని 10 నిమిషాలు నీళ్ళలో మరిగించి వేడిగా ఉన్నప్పుడే పొయ్యండి. చల్లటి సీసాలో మరుగుతున్న జామ్ పోస్తే టప్‌మని పగులుతుంది. చిన్నవాళ్ళు పొయ్యి దగ్గర ఈ పని ఒంటరిగా చెయ్యొద్దు, పాకం కాలితే నీళ్ళు కాలినదానికన్నా ఘోరం, అంటుకుని వదలదు.

ఇప్పుడు ఆ వెల్లుల్లి నూనె. అందమైన సీసాలో నూనె పోసి అందులో పచ్చి వెల్లుల్లి రెబ్బలు, ఆకులు వేసి కానుకగా ఇవ్వడం ఫోటోల్లో చాలా బాగుంటుంది. ఇవ్వొద్దు. మట్టిలో పెరిగే వాటిమీద బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. గాలి ఉన్నంతసేపు అవి ఊరికే ఉంటాయి. నూనెలో ముంచగానే గాలి అందదు, పులుపూ ఉండదు, బయట వెచ్చగా ఉంటుంది, ఇక అవి పెరిగి విషం తయారుచేస్తాయి. వాసన మారదు, రంగు మారదు, రుచి చూసి తెలుసుకోవడం కుదరదు. ఇంట్లో చేసుకుంటే ఫ్రిజ్‌లో పెట్టి 4 రోజుల్లో వాడెయ్యాలి, అలాంటిది బహుమతిగా ఇస్తే వాళ్ళు దాన్ని ఎండ తగిలే కిటికీలో అలంకారంగా పెడతారు. అదే బ్యాక్టీరియా బీజాలు తేనెలో కూడా ఉండొచ్చు, అందుకే ఏడాది నిండని పాపాయి ఉన్న ఇంటికి తేనె వేసిన వంటకం ఏదిచ్చినా పాపాయికి పెట్టొద్దని నోటితో చెప్పి ఇవ్వండి.

సీసాలో రంగురంగుల పప్పులు పొరలు పొరలుగా పోసి "సూప్ కానుక" అని ఇవ్వడం ఇంకోటి ఉంది. నేనూ చేశాను. ఎర్రగా, తెల్లగా, నల్లగా వరసలు ఎంత బాగున్నాయో. వండుకున్నవాళ్ళు మర్యాదస్తులు కాబట్టి ఏమీ అనలేదు గానీ నేనే ఒకరోజు ఇంట్లో వండుకుని చూశాను. ఎర్రపప్పు 20 నిమిషాలకే కరిగి జావైపోయింది, శనగలు గంట దాటినా పంటి కింద రాళ్ళే. అందుకని ఒకే సమయంలో ఉడికేవే కలపండి. రాజ్మా అయితే ఇంకా జాగ్రత్త, నానబెట్టిన నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో కనీసం 10 నిమిషాలు తెర్లేట్టు మరిగించి, ఆ తర్వాత మెత్తబడేదాకా ఉడికించాలి. సరిగా ఉడకని రాజ్మా కడుపుని అతలాకుతలం చేస్తుంది. సీసాతో పాటు ఎన్ని నీళ్ళు, ఎంతసేపు అని రాసివ్వకపోతే అది షోకేసులో బొమ్మే.

చీటీ గురించి వచ్చింది కాబట్టి చెప్తున్నాను, రిబ్బను లేకపోయినా చీటీ ఉండాలి. ఏమేం వేశారు, ఏ రోజు చేశారు, ఎక్కడ పెట్టాలి, ఎప్పటిలోగా తినాలి. వేరుశెనగ, బాదం, పాలు, గుడ్డు, గోధుమ, నువ్వులు ఉంటే తప్పకుండా రాయండి, కొందరికి ఇవి పడవు, పడకపోవడమంటే దురద ఒక్కటే కాదు, ఊపిరాడకుండా కూడా అవుతుంది. ఇవ్వబోయే మనిషికి ఏది పడదో ముందే అడిగితే సర్‌ప్రైజ్ పోతుందని మీ బాధ. పోనివ్వండి.

తినేవి ఒద్దనుకుంటే వంటింటికి పనికొచ్చేవి ఇవ్వొచ్చు. పాత జీన్స్ రెండు చదరపు ముక్కలు, మధ్యలో పాత నూలు తువ్వాలు మడిచి పెట్టి కుట్టేస్తే వేడి గిన్నెలు పట్టుకునే గుడ్డ తయారు. అన్నీ నూలువే వాడండి, సింథటిక్ గుడ్డ వేడికి కరిగి చేతికి అంటుకుంటుంది. తడిగా ఉన్నప్పుడు దానితో గిన్నె పట్టుకోవద్దని కూడా చెప్పండి, తడిలోంచి వేడి ఇట్టే చేతికొచ్చేస్తుంది. పుదీనా కొమ్మ కింది ఆకులు తీసేసి గ్లాసు నీళ్ళలో పెడితే వారం రెండు వారాల్లో వేళ్ళొస్తాయి, చిన్న కుండీలో నాటి ఇవ్వండి, దానికి పైసా ఖర్చు లేదు. ఇక చేతిలో అసలేమీ లేనివాళ్ళు 5 చీటీలు రాసివ్వొచ్చు, "ఈ చీటీ చూపిస్తే ఆ పూట గిన్నెలన్నీ నేనే తోముతాను" అని. మీ అమ్మకి ఇలాంటివి 3 ఇచ్చారట కిందటేడు, రెండు ఇంకా ఆవిడ పర్సులోనే ఉన్నాయి, వాడుకోలేదు. మీరు మర్చిపోయారేమో, ఆవిడ మర్చిపోలేదు.

ఇంకేం లేదు. ఏది చేసినా ఇచ్చే రోజుకి ముందు ఒకసారి కొంచెం చేసి మీరే తినండి, మొదటిసారి చేసింది నేరుగా వాళ్ళ చేతిలో పెట్టొద్దు. ఇవాళ నారింజలు తింటే తొక్కలు పారేయకుండా కడిగి ఫ్రీజర్‌లో వేసుకోండి, నాలుగైదు పండ్లవి పోగయ్యాక ఒకేసారి చేసుకోవచ్చు. పోయినసారి నేను పంపిన సీసాలు రెండూ మీ దగ్గరే ఉన్నాయి, మూతలతో సహా పంపించండి, నాకిక్కడ నిమ్మ ఉప్పు పొయ్యడానికి సీసాల్లేవు.

మీ అమ్మమ్మ