గురి కుదిరేది ఎక్కడ?

11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో, రాజరాజ నరేంద్రుడి కొలువులో నన్నయ ఆదిపర్వాన్ని తెనిగించాడు. విలుకాడి మనసును తెలుగు పాఠకుడి ముందుంచిన గొప్ప ఘట్టం అందులో ఉంది. ద్రోణుడు చెట్టుకొమ్మ మీద బొమ్మ పక్షిని పెట్టించి, శిష్యులను ఒక్కొక్కరిగా పిలుస్తాడు. బాణం వదలమనే ముందు ఏమి కనిపిస్తోందని అడుగుతాడు. చెట్టూ, పక్షీ, గురువూ, తమ్ముళ్లూ అందరూ కనిపిస్తున్నారంటాడు ధర్మరాజు. ఆయనను పక్కకు తప్పుకోమంటాడు ద్రోణుడు. అర్జునుడికి మాత్రం పక్షి తల తప్ప మరేమీ కనిపించదు. జనం నోట ఆ తల కాస్తా పక్షి కన్నుగా మారింది.

ఆ రోజు ద్రోణుడు పరీక్షించింది చేతిని కాదు, చూపును. కానీ ఆ చూపు అర్జునుడికి ఎలా అబ్బిందో కథ చెప్పదు. ధర్మరాజుకు దాన్ని ఎలా నేర్పాలో కూడా చెప్పదు. ఏకాగ్రత కొందరికి పుట్టుకతో వచ్చే వరమని, మిగిలినవారికి దక్కదని మనం నమ్ముతూ వచ్చాం. గోదావరి డెల్టాలో ఇప్పుడు విల్లు పట్టే పిల్లలకు, ఎయిర్ రైఫిల్ ఎత్తే పిల్లలకు ఈ నమ్మకం వల్ల నష్టం జరుగుతోంది. పిల్లవాడి గురి తప్పితే భుజాన్ని సరిదిద్దుతున్నాం, నిలబడే తీరును సరిదిద్దుతున్నాం. మనసు దగ్గరకు వచ్చేసరికి ‘టెన్షన్ పడకు’ అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటున్నాం. అది సలహా మాత్రమే, శిక్షణ కాదు. ఈ తేడాను గుర్తించడానికి ప్రపంచ క్రీడారంగానికి కూడా చాలా కాలం పట్టింది.

పరుగు పందెంలో గుండె దడ కాళ్లకు బలమిస్తుంది. కబడ్డీ కూతకు వెళ్లేవాడికి ఆవేశం పనికొస్తుంది. గురి ఆటల్లో అదే దడ శత్రువు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ లక్ష్యంలో పది మార్కుల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు, అంటే ఆవగింజ కంటే చిన్నది. అర్హత పోటీలో 75 నిమిషాల్లో 60 సార్లు దానికి గురిపెట్టాలి. ఒలింపిక్ ఆర్చరీలో 70 మీటర్ల దూరాన ఉండే పది మార్కుల వలయం వెడల్పు 12.2 సెంటీమీటర్లు. పీచు వలిచిన కొబ్బరికాయ అంత అనుకోవచ్చు. ఇంత సూక్ష్మమైన పనిలో గుండె కొట్టుకున్నప్పుడు వేలిదాకా వచ్చే చిన్న అదురు కూడా ఫలితాన్ని మార్చేస్తుంది.

అందుకే ఆటగాళ్లు మొదట అడ్డదారులు వెతికారు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో పిస్టల్ షూటింగ్‌తో సహా ఐదు ఆటలు కలిసిన మోడర్న్ పెంటాథ్లాన్ ఆడిన స్వీడన్ క్రీడాకారుడు హాన్స్ గున్నార్ లిల్యెన్‌వాల్, పిస్టల్ పోటీకి ముందు కంగారు తగ్గడానికి బీరు తాగానన్నాడు. ఒలింపిక్స్ చరిత్రలో డోపింగ్ కారణంగా అనర్హత వేటు పడిన తొలి వ్యక్తి ఆయనే. ఆయన జట్టు కాంస్యం కూడా పోయింది. తరువాత గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రల వంతు వచ్చింది. వాటిని నిషేధించినా ఆశ చావలేదు. 2008 బీజింగ్‌లో ఉత్తర కొరియా షూటర్ కిమ్ జోంగ్ సు రక్తంలోనో మూత్రంలోనో దొరకకూడనిది దొరికి, గెలిచిన రజతం, కాంస్యం రెండూ పోగొట్టుకున్నాడు. ఆ మందు ప్రొప్రనలాల్, మన ఊళ్లలో గుండె దడకు, బీపీకి వైద్యులు రాసే మాత్రే. మనసు పని మందుతో చేయించాలని చూసిన చరిత్ర ఇది.

రెండో దారి నేర్చుకునే దారి. 1972 మ్యూనిక్‌లో అమెరికా షూటర్ లానీ బాషమ్ రజతంతో ఆగిపోయాడు. ఒత్తిడికి లొంగిపోయానని ఒప్పుకుని, దాన్ని ఎలా ఎదుర్కోవాలో నేర్పేవారి కోసం వెతికాడు. సరైనవారు దొరకలేదు. అప్పుడు ఒలింపిక్ స్వర్ణ విజేతల దగ్గరకే వెళ్లి, మీరు ఆ క్షణంలో ఏమి ఆలోచిస్తారని అడిగి తెలుసుకున్నాడు. 1976 మాంట్రియల్‌లో స్వర్ణం గెలిచాడు. అక్కడ మార్గరెట్ మర్డాక్ స్కోరు ఆయనతో సమమైనా నిబంధనల ప్రకారం ఆమెకు రజతమే దక్కింది. జాతీయ గీతం వినిపిస్తుండగా ఆమెను తన మెట్టు మీదికి ఎక్కించుకున్నాడు. తాను సేకరించిన పాఠాలను తరువాత ఇతరులకు నేర్పడమే వృత్తిగా చేసుకున్నాడు.

శాస్త్రం కూడా మెల్లగా తోడు వచ్చింది. 1908లోనే యెర్కిస్, డాడ్సన్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు ఎలుకల మీద పరీక్షలు చేసి, కష్టమైన పనికి ఉద్రేకం మరీ ఎక్కువైనా, మరీ తక్కువైనా చేటేనని చూపారు. డెల్టా రైతుకు ఇది వింతగా అనిపించదు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గోదావరిని ఎండగట్టడానికి కట్టింది కాదు, కాలువల్లోకి మళ్లించడానికి కట్టింది. భయం విషయంలో కూడా కావలసింది లాకులే. 1980లలో మేటి షూటర్ల మెదడు తరంగాలను కొలిచినప్పుడు, ట్రిగ్గర్ నొక్కే ముందు మాటలతో ముడిపడిన ఎడమ భాగం శాంతించడం కనిపించింది. లోపలి మాట ఆగుతుందన్నమాట. గుండె వేగం కూడా ఆ కొద్ది క్షణాలు తగ్గుతుంది. 1990లలో కెనడా పరిశోధకురాలు జోన్ వికర్స్, మేటి ఆటగాళ్ల చూపు చివరి క్షణంలో లక్ష్యం మీద ఎక్కువసేపు కదలకుండా నిలుస్తుందని చూపారు. నన్నయ అర్జునుడి దగ్గర కనిపించేది ఇదే. అయితే దీన్ని సాధనతో పెంచవచ్చని కూడా ఈ పరిశోధనలు తేల్చాయి. నా దృష్టిలో ఈ కథలో అసలైన మలుపు అదే.

చూపు నిలిస్తే చాలా? చాలదని చెప్పే ఘటన 2004 ఏథెన్స్‌లో జరిగింది. అమెరికా షూటర్ మాథ్యూ ఎమన్స్ 50 మీటర్ల పోటీలో చివరి తూటాకు ముందు స్పష్టమైన ఆధిక్యంలో ఉన్నాడు. ఆ తూటా చక్కగా తగిలింది, కానీ పక్క వరుసలోని వాడి లక్ష్యానికి. స్వర్ణం దాకా వచ్చినవాడు ఎనిమిదో స్థానానికి పడిపోయాడు. లక్ష్యం పైనున్న అంకెను ముందు చూసి, ఆ తరువాతే కిందికి గురి దించడం ఆయన అలవాటు. ఆ ఒక్కసారి తనను తాను శాంతపరచుకోవడంలో మునిగి అంకె చూడలేదని తరువాత చెప్పాడు. శాంతంగా ఉండాలన్న ధ్యాసే ఆయన క్రమాన్ని చెరిపేసింది! మానసిక శిక్షకులు ప్రతి బాణానికీ ఒకే వరుసలో చేయవలసిన పనుల క్రమాన్ని అంత పట్టుదలగా ఎందుకు నేర్పుతారో నాకు ఈ ఘటన చదివాకే అర్థమైంది.

మన దేశానికి ఈ పాఠం అభినవ్ బింద్రాతో వచ్చింది. ఏథెన్స్ ఫైనల్‌కు మూడో స్థానంలో వెళ్లి ఏడో స్థానంలో ముగించాడు. తరువాతి నాలుగేళ్లు తుపాకీతో పాటు మనసుకూ పని చెప్పాడు. బీజింగ్‌కు ముందు భయాన్ని ఎదుర్కోవడానికి జర్మనీలో 40 అడుగుల స్తంభం ఎక్కాడు. కోనసీమలో కొబ్బరి దింపు తీసే కార్మికులు అంతకంటే ఎత్తైన చెట్లు రోజూ ఎక్కుతారు. పై అడుగు మీద తప్ప మరో ఆలోచన పెట్టుకోకూడదని వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. 2008 ఫైనల్‌లో బింద్రా చివరి తూటాకు 10.8 వచ్చింది, భారత్‌కు తొలి వ్యక్తిగత స్వర్ణం దక్కింది. 2021లో టోక్యోలో పిస్టల్ మొరాయించి కుంగిపోయిన మను భాకర్, 2024 పారిస్‌లో రెండు కాంస్యాలు గెలిచింది. గీత చదువుకున్నానని, ఫలితం మీద కాక చేయవలసిన పని మీద మనసు పెట్టానని ఆమె చెప్పింది.

మన ఆర్చరీ ఇంకా ఒలింపిక్ పతకం కోసం ఎదురుచూస్తోంది. పారిస్‌లో విజయవాడ కుర్రాడు బొమ్మదేవర ధీరజ్, అంకితా భకత్‌తో కలిసి మిశ్రమ జట్టులో నాలుగో స్థానం దాకా వెళ్లాడు. వ్యక్తిగత పోటీలో ఒకే ఒక్క బాణంతో తేల్చే షూట్ ఆఫ్‌లో పది కొట్టి కూడా ఓడిపోయాడు. ప్రత్యర్థి బాణం కేంద్రానికి మరికాస్త దగ్గరగా ఉంది. అక్కడే దక్షిణ కొరియా ఐదు స్వర్ణాలూ ఎత్తుకుపోయింది. 1988 నుంచి ఆ దేశపు మహిళల జట్టుకు అది వరుసగా పదో ఒలింపిక్ స్వర్ణం. వారు కేకలు వేసే జనం నిండిన బేస్‌బాల్ మైదానాల్లో కూడా సాధన చేస్తారు. గోల అలవాటు కావాలని.

మన జాతీయ శిబిరాలకు మానసిక శిక్షకులు వస్తున్నారు. మండల స్థాయిలో మైదానానికి వచ్చే పిల్లలకు ఆ మాటే తెలియదు. అలవాట్లు కుదురుకునేది మాత్రం ఆ వయసులోనే. డెల్టాలో విల్లు అంటే ముందుగా కూడళ్లలోని అల్లూరి సీతారామరాజు విగ్రహాలు గుర్తుకొస్తాయి. ఆ విల్లులో ఉన్న పౌరుషాన్ని పిల్లలు ఇష్టంగా అందుకుంటారు. నిశ్చలతను ఎవరో ఒకరు కూర్చుని నేర్పాలి. దానికి పెద్ద ఖర్చు లేదు. ప్రతి బాణానికీ ముందు ఏమి అనుకున్నారో రాసుకునే నోటుపుస్తకం, ఊపిరి లెక్క, ఎప్పుడూ మారని క్రమం ఉంటే మొదలుపెట్టవచ్చు. ఇక గోల మధ్య సాధన కావాలంటే సంక్రాంతికి ప్రభల తీర్థం జరిగే సీమ ఇది.

రావులపాలెం వైపు ఒక పాఠశాల మైదానంలో, కొబ్బరి చెట్ల వరుస పక్కన, ఒక అమ్మాయి సాధన చూశాను. సాధనలో చక్కగా వెళ్లే బాణాలు పోటీ అనగానే చెదిరిపోతాయట. వాళ్ల డ్రిల్లు మాస్టారు ఎక్కడో చదివి, టెన్షన్ పడకు అనడం మానేశారు. ‘వరుస చెప్పమ్మా’ అన్నారు. ‘పాదం, భుజం, ఊపిరి, గడ్డం, చూపు’ అంది ఆ పిల్ల నెమ్మదిగా. బాణం ఎనిమిదిలో గుచ్చుకుంది. ‘మళ్లీ చెప్పు’ అన్నారు మాస్టారు.